వెనక సీట్లో హోరు

చోడవరంలో కారుకు కొత్త సైలెన్సర్ బిగించుకున్నవాడికి దాని అసలు గుణం ఆ ఊళ్లో తెలియదు. షెడ్డు ముందు బండి స్టార్ట్ చేసి రెండు సార్లు రేజ్ చేస్తాడు. బయట నిలబడ్డ స్నేహితులు "సౌండు అదిరిందిరా" అంటారు. సంతోషంగా ఇంటికి పోతాడు. మర్నాడు మాడుగుల వెళ్లొచ్చినా, వడ్డాది వెళ్లొచ్చినా తేడా ఏమీ కనిపించదు. భీమిలి–నర్సీపట్నం రోడ్డు సంగతి ఈ ప్రాంతం వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. గొయ్యి దగ్గర బ్రేకు, చెరకు ట్రాక్టరు వెనక రెండో గేరు, ఖాళీ దొరికితే మూడో గేరు. ఇంజిన్ ఒకే వేగంలో నిలకడగా నాలుగు నిమిషాలు తిరిగే వీలు ఆ దారిలో లేదు. అనకాపల్లి చేరి పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి, ఐదో గేరులో వేసి, ముల్లును ఒకచోట నిలిపాక అప్పుడు మొదలవుతుంది హోరు.

అది పెద్ద శబ్దమని చెప్పలేం. పక్కవాడి మాట వినిపిస్తూనే ఉంటుంది, పాట వినిపిస్తూనే ఉంటుంది. కానీ చెవుల మీద ఎవరో అరచేతులు పెట్టి నొక్కుతున్నట్టు ఒక బరువు ఉంటుంది. వేగం కాస్త పెంచితే పోతుంది, కాస్త తగ్గించినా పోతుంది. మళ్లీ అదే వేగానికి రాగానే అక్కడే కాచుక్కూర్చుని ఉంటుంది. విశాఖ చేరేసరికి తల దిమ్మెక్కుతుంది. "బయటికి బాగానే ఉంది గానీ లోపల కూకుంటే బుర్ర తిరిగిపోతంది" అని ఇక్కడి కుర్రాళ్లు మెకానిక్కుతో మొరపెట్టుకునేది దీని గురించే. మెకానిక్ ఇచ్చే మొదటి సలహా డిక్కీలో షీట్లు అంటించమని. ఆ సలహా ఎందుకు పనిచేయదో, ఏది పనిచేస్తుందో తెలియాలంటే ఆ హోరు ఎక్కడ పుట్టి ఎక్కడ పెరుగుతోందో చూడాలి.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్లో ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. నాలుగు సిలిండర్లుంటే చుట్టుకు రెండు పేలుళ్లు. పేలుడు తరువాత ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే లోపల ఒత్తిడి మీద ఉన్న వేడి వాయువు గొట్టంలోకి ఒక్క ఉదుటున దూకుతుంది. మీటరు ముల్లు 2,400 దగ్గర ఉందనుకోండి. నిమిషానికి 2,400 చుట్లంటే సెకనుకు 40 చుట్లు, 80 ఉదుట్లు. అంటే 80 హెర్ట్‌జ్. ముల్లు 1,800 దగ్గరుంటే 60 హెర్ట్‌జ్, 3,000 దగ్గరుంటే 100. ఎగ్జాస్ట్ మోతలో ఇంకా ఎన్నో పౌనఃపున్యాలు కలిసి ఉంటాయి, బండికో గొంతు వచ్చేది ఆ కలయికతోనే. అయినా వాటిలో మామూలుగా బలమైనది ఈ పేలుళ్ల లెక్క. చిన్న పెట్రోలు కార్లు చాలావరకు ఐదో గేరులో 80 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు ముల్లు 2,200కూ 3,000కూ మధ్య తిరుగుతుంది. కాబట్టి రహదారి మీద ఆ ఇంజిన్ పాడే శ్రుతి సుమారు 75 నుంచి 100 హెర్ట్‌జ్ లోపలిదే.

ఇప్పుడు కారు లోపలికి వద్దాం. అద్దాలు ఎత్తేసి ఏసీ పెట్టుకున్న కారు ఒక మూసిన గాలి పెట్టె. అలాంటి ప్రతి పెట్టెకూ తనకు నచ్చిన కొన్ని శ్రుతులుంటాయి. పెట్టె పొడవులో ధ్వని తరంగం సరిగ్గా సగం ఇమిడినప్పుడు ముందు గోడకూ వెనక గోడకూ తగిలి తిరిగొచ్చిన అలలు ఒకదానికొకటి బలమిచ్చుకుంటాయి. ఇదే అనునాదం. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా చెవి ఎత్తులో కొలిస్తే రెండు మీటర్లు, కాస్త అటూ ఇటూ. 30 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు 349 మీటర్లు పోతుంది. రెండు మీటర్లలో సగం తరంగం పట్టాలంటే మొత్తం తరంగదైర్ఘ్యం నాలుగు మీటర్లు. 349ని నాలుగుతో భాగిస్తే 87 హెర్ట్‌జ్. సీట్లు, మనుషులు, డిక్కీలో సామాను ఈ అంకెను కొంచెం కిందికో పైకో జరుపుతాయి, అంతే. ఇంజిన్ రహదారి మీద పాడే శ్రుతీ, ఆ పెట్టెకు నచ్చిన శ్రుతీ ఒకే చోటికి వచ్చి పడ్డాయి.

ఇందులో కంపెనీ చేసిన పొరపాటేమీ లేదు. మనిషి కూర్చోవడానికి చాలినంత కారు, రహదారి మీద పోవడానికి చాలినంత ఇంజిన్ వేగం, ఈ రెండూ కలిస్తే ఇక్కడికే చేరతాయి. దీని పైన మరొకటి. సైలెన్సరుతో కలిపి ఎగ్జాస్ట్ గొట్టం వరసకూ సొంత అనునాదాలుంటాయి. మూడు మీటర్ల గొట్టంలో వేడి వాయువు ఉంటే అది కూడా ఇంచుమించు ఇదే ప్రాంతంలో మోగుతుంది. మూడు శ్రుతులు ఒకచోట కలవకుండా జాగ్రత్త పడడమే సైలెన్సర్ రూపకర్త పనిలో సగం.

రెండు మీటర్ల పెట్టెలో సగం తరంగం పట్టినప్పుడు ఒత్తిడి హెచ్చుతగ్గులు అన్నిచోట్లా సమానంగా ఉండవు. రెండు కొసల దగ్గర అత్యధికం, నడిమధ్య దాదాపు సున్నా. డ్రైవరు తల ఆ మధ్యకు దగ్గరగా ఉంటుంది. వెనక సీట్లో కూర్చున్నవారి తల వెనక అద్దానికి జానెడు దూరంలో ఉంటుంది. హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీకీ సీటుకూ నడుమ గోడ కూడా ఉండదు, ఒక పలుచటి అట్ట తప్ప. ఆ డిక్కీ కిందే సైలెన్సర్ వేలాడుతూ ఉంటుంది. అందువల్ల బండి తోలే కుర్రాడు "నాకేం వినపడట్లేదే" అంటాడు, అతను చెప్పేది నిజమే. వెనక కూర్చున్న నాయనమ్మకు కళ్లు తిరుగుతుంటాయి, అదీ నిజమే. చోడవరం నుంచి విశాఖ పెద్దాసుపత్రికి ముసలివాళ్లను తీసుకెళ్లే ప్రయాణంలో ఎప్పుడూ వెనక కూర్చునేది వాళ్లే. సైలెన్సర్ మార్చిన ప్రతివాడూ తాళం స్నేహితుడికిచ్చి, అనకాపల్లి నుంచి లంకెలపాలెం దాకా వెనక సీట్లో కూర్చుని వెళ్లి చూడాలి. ఈ అధ్యాయంలో చెప్పేవాటిలో ఖర్చులేని పరీక్ష అదే, ముఖ్యమైనదీ అదే.

ఆ సీట్లో కూర్చున్నప్పుడు తలను నెమ్మదిగా ముందుకు వంచి, మళ్లీ వెనక్కి ఆనించి చూడండి. రెండు సీట్ల మధ్యకు వచ్చేసరికి హోరు పలచబడి, వెనక్కి వెళ్లేకొద్దీ చిక్కబడితే, మీరు క్యాబిన్ అనునాదం మధ్యలో కూర్చున్నట్టే. తల ఎటు జరిపినా తేడా లేకపోతే వేరే కారణం వెతకాలి.

ఫోన్లో డెసిబెల్ మీటరు పెట్టి చూశాం, పాత సైలెన్సరుకూ దీనికీ తేడా రెండు మూడు అంకెలే అని కొందరు వాదిస్తారు. ఆ మీటర్లు దాదాపు అన్నీ 'ఎ' తూకంలో కొలుస్తాయి. మంద్ర శబ్దాలను మన చెవి తక్కువగా పట్టించుకుంటుంది కాబట్టి, ఆ మేరకు తగ్గించి చూపే తూకం అది. 80 హెర్ట్‌జ్ దగ్గర ఆ తగ్గింపు 22 డెసిబెల్స్ పైచిలుకు. క్యాబిన్‌లో నిజంగా 90 డెసిబెల్స్ హోరు ఉంటే మీటరు 67, 68 అని చూపుతుంది. మామూలు టైర్ల రొద, ఏసీ గాలి కలిసినా అంతే చూపిస్తుంది. అసలు ఈ తూకానికి మూలం 1933లో బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ చేసిన ప్రయోగాలు. ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత శబ్దం చేస్తే మనుషులకు ఒకేలా గట్టిగా వినిపిస్తుందో వాళ్లు గీతలు గీశారు. 'ఎ' తూకం ఆ గీతల్లో మెల్లని శబ్దాలకు చెందినదాన్ని అనుసరించింది. శబ్దం పెద్దదయ్యేకొద్దీ చెవికి మంద్రం మీద చిన్నచూపు తగ్గిపోతుంది, కానీ మీటరుకు తగ్గదు. మీటరు ప్రశాంతంగా ఉన్నా మనిషి ఇబ్బంది పడేది అందుకే. డెసిబెల్ అంకె కాకుండా పౌనఃపున్యాల పటం చూపే యాప్ పెట్టుకోవాలి. ముల్లు నిలిపి ఉంచి చూస్తే ఆ పటంలో ఒక్కచోట శిఖరంలా లేచిన గీత కనిపిస్తుంది. దాని కింద ఉన్న అంకె మనకు కావాలి. అది 79 అయినా 84 అయినా కాగితం మీద రాసిపెట్టుకోండి. ఇక మిగతా పనంతా ఆ ఒక్క అంకెతోనే.

ఇప్పుడు షీట్ల సంగతి. డిక్కీ అడుగున, తలుపుల్లో అంటించే నల్ల రబ్బరు షీట్లు రేకు కంపనాన్ని అణుస్తాయి. వాన చినుకుల మోత, తలుపు వేసినప్పటి డబ్బా చప్పుడు, రేకుల గలగల వాటివల్ల నిజంగా తగ్గుతాయి. 80 హెర్ట్‌జ్ హోరుకు మాత్రం అవి దాదాపు అడ్డే కావు. గోడ ఎంత బరువైతే ధ్వనిని అంత ఆపుతుందన్నది నిజం, కానీ బరువు రెట్టింపు చేస్తే దక్కేది మహా అయితే ఆరు డెసిబెల్స్. పౌనఃపున్యం సగానికి దిగితే ఆ ఆరూ పోతాయి. మెత్తని ఫోమ్ ఇంకా నిస్సహాయం. ఒక శబ్దాన్ని ఫోమ్ బాగా పీల్చుకోవాలంటే దాని మందం ఆ తరంగంలో పావు వంతుకు దగ్గరగా ఉండాలి. 80 హెర్ట్‌జ్ తరంగం గాలిలో నాలుగు మీటర్లు దాటుతుంది, పావంటే మీటరు పైనే. డిక్కీ అంతా ఫోమ్‌తో నింపేసినా చాలదు. వేలకు వేలు పోసి కారంతా షీట్లు వేయించుకుని, హోరు అలాగే ఉందని బాధపడేవాళ్లను చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ డబ్బులో కొద్ది భాగంతో గొట్టం దగ్గరే పని జరిగేది.

కంపెనీ సైలెన్సర్‌ను విప్పి పక్కన పెట్టినప్పుడు చాలామంది దాన్ని తుప్పు డబ్బాలా చూస్తారు. కోసి చూస్తే లోపల గదులు, అడ్డుగోడలు, ఎదురుబొదురు గొట్టాలు ఉంటాయి. ఎగ్జాస్ట్ మఫ్లర్‌కు అమెరికాలో రీవ్స్ సోదరులు 1897లోనే పేటెంటు పొందారు. ఆనాటి నుంచి మూలసూత్రం మారలేదు. సన్న గొట్టంలో వస్తున్న తరంగం ఒక్కసారిగా వెడల్పాటి గదిలోకి వస్తే, ఆ మలుపు దగ్గర కొంత భాగం వచ్చినదారినే వెనక్కి తిరిగిపోతుంది. గది నుంచి మళ్లీ సన్న గొట్టంలోకి దూరేటప్పుడు ఇంకొంత. వాయువు ముందుకు సాగిపోతుంది, శబ్దం వెనక్కి మళ్లుతుంది. ఈ లెక్కలన్నీ ఒక క్రమంలో పెట్టినవారిలో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యుడు ఎం.ఎల్. ముంజాల్‌ది పెద్ద పేరు. గొట్టాలు, మఫ్లర్ల ధ్వనిశాస్త్రం మీద 1987లో ఆయన రాసిన గ్రంథం ఇప్పటికీ ప్రపంచమంతటా ఈ రంగంలో పనిచేసేవారి బల్లల మీద ఉంటుంది.

ఆ శాస్త్రంలోని అతి సులువైన లెక్కను మన డబ్బాకు వర్తింపజేద్దాం. గొట్టం వ్యాసం 5 సెంటీమీటర్లు, డబ్బా పొడవు 50 సెంటీమీటర్లు, లోపలి వాయువు 300 డిగ్రీలు అనుకుందాం. డబ్బా వ్యాసం 20 సెంటీమీటర్లుంటే 80 హెర్ట్‌జ్ శబ్దాన్ని సుమారు 12 డెసిబెల్స్ ఆపుతుంది. అదే డబ్బా వ్యాసం 10 సెంటీమీటర్లే అయితే మూడు డెసిబెల్స్ కూడా ఆపలేదు. బజారులో దొరికే మెరుపుల స్టీలు మఫ్లర్లలో చాలావరకు ఈ రెండో రకమే. లోపల రంధ్రాల గొట్టం తిన్నగా పోతుంది, చుట్టూ గ్లాస్ ఊల్ దట్టించి ఉంటుంది. ఆ ఊల్ కీచు శబ్దాలను, చిటపటలను చక్కగా మింగుతుంది. మంద్రాన్ని ముట్టుకోదు. చెవికి కరకరలాడేదంతా పోయి గంభీరమైన గొంతు మిగులుతుంది కాబట్టి బయట నిలబడి వింటే అందంగా ఉంటుంది. లోపల కూర్చున్నవాడికి ఆ గంభీరమే హోరు. కొన్నాళ్లకు ఊల్ కాలి, రంధ్రాల గుండా ఎగిరిపోతే అందం కూడా పోతుంది. దీనికి తోడు చాలా షెడ్లలో గొట్టం మధ్యన ఉండే చిన్న రెసొనేటర్ డబ్బాను కూడా "అడ్డం" అని కోసేసి సూటి గొట్టం అతికిస్తారు. కంపెనీవాళ్లు ఆ డబ్బాను చాలాసార్లు పెట్టేది ఇలాంటి హోరు కోసమే. కోసేసిన రెసొనేటర్‌ను తిరిగి పెట్టించుకోవడంతోనే సగం బాధ తీరిన బండ్లు ఉంటాయి, ముందు అది చూసుకోవాలి.

మందు వేసేముందు రోగం అదేనా అన్నది తేల్చుకోవాలి. ఖాళీ, తిన్నని రోడ్డు మీద, పక్కన మరో మనిషి ఉండగా, హోరు వచ్చే వేగంలో ఒక్క క్షణం క్లచ్ తొక్కండి. బండి వేగం అలాగే ఉంటుంది, ఇంజిన్ మాత్రం ఐడిల్‌కు దిగిపోతుంది. హోరు ఠక్కున ఆగితే ఇంజిన్ వైపుది. ఆగకుండా బండి వేగంతోపాటు నెమ్మదిగా తగ్గితే అది టైరుదో చక్రం బేరింగుదో. మన రోడ్ల గోతులకు బేరింగులు దెబ్బతిని మోగడం మామూలే, దానికి సైలెన్సర్‌ను తిట్టి లాభం లేదు. తరువాత బండిని ఆపి, ఆరుబయట, న్యూట్రల్‌లో అదే 2,400 దగ్గర పట్టి ఉంచండి. అప్పుడు కూడా లోపల మోగితే, బండి కింద తాకుడు ఏదైనా ఉందేమో చూడాలి. గొట్టాన్ని వేలాడదీసే రబ్బరు హ్యాంగర్ల బదులు కొందరు ఇనుప పట్టీతో బోల్టు బిగిస్తారు. అలా చేస్తే ఇంజిన్ కంపనం గాలితో పనిలేకుండా నేరుగా బాడీలోకి ఎక్కుతుంది. చల్లగా ఉన్నప్పుడు గొట్టానికీ బాడీకీ నడుమ వేలు దూరే సందుంది కదా అని ధైర్యపడకూడదు. మూడు మీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా సాగుతుంది. చల్లటి బండి కింద కనిపించిన సందు రహదారి మీద ఉండదు. గొట్టం మీద ఎక్కడైనా రాపిడికి మెరిసిన మచ్చ కనిపిస్తే అదే ఆనవాలు.

జాయింట్లలో పొగ కారుతోందేమో కూడా అప్పుడే చూడాలి. ఇది శబ్దం కంటే పెద్ద విషయం. ఎగ్జాస్ట్‌లో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. డిక్కీ కింద వెల్డింగ్ చీలి అది లోపలికి చేరితే అద్దాలు ఎత్తి ఏసీలో నిద్రపోతున్న వెనక సీటు పిల్లలకు తెలిసే అవకాశమే ఉండదు. గొట్టం మూతి బంపరు దాటి బయటికి రావాలి. బంపరు కిందే ఆగిపోయిన మూతి పొగనూ, హోరునూ రెంటినీ డిక్కీ అడుగునే వదులుతుంది. నాలుగు అంగుళాల ముక్క అతికించడంతో రెండూ తగ్గిన సందర్భాలుంటాయి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా హోరు మిగిలి ఉంటే, రాసిపెట్టుకున్న ఆ ఒక్క అంకెను బయటికి తీయాలి. ఒక శ్రుతిని చంపడానికి మరో శ్రుతిని వాడడం ధ్వనిశాస్త్రంలోని అందమైన ఉపాయం. ఎగ్జాస్ట్ గొట్టానికి పక్కన ఒక కొమ్మలాగా మరో గొట్టం అతికించి, దాని చివర మూసేస్తారు. తరంగం ఆ కొమ్మలోకి దూరి, మూసిన చివర తగిలి, వెనక్కి వస్తుంది. కొమ్మ పొడవు తరంగదైర్ఘ్యంలో సరిగ్గా పావు వంతు ఉంటే, పోవడానికి పావు, రావడానికి పావు, మొత్తం సగం తరంగం ఆలస్యంగా తిరిగొస్తుంది. అక్కడ అప్పుడే వస్తున్న తరంగం శిఖరంలో ఉంటే ఇది లోయలో ఉంటుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. వాయువుకు ఆ కొమ్మతో పనిలేదు, తన దారిన తాను పోతుంది. బండి శక్తి తగ్గదు, బయటి గొంతు పెద్దగా మారదు, ఆ ఒక్క హోరు మాత్రం అణిగిపోతుంది.

పొడవు లెక్కలోనే చాలామంది దెబ్బతింటారు. ధ్వని వేగాన్ని 349గా తీసుకుంటే 80 హెర్ట్‌జ్‌కు పావు తరంగం 1.09 మీటర్లు వస్తుంది. కానీ గొట్టంలో ఉన్నది వేడి వాయువు. 300 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సుమారు 480 మీటర్లు, ఆ లెక్కన 1.5 మీటర్లు కావాలి. కొమ్మలోకి వాయువు ప్రవాహం ఉండదు కాబట్టి మూసిన చివరకు పోయేకొద్దీ అది చల్లబడుతుంది, సగటున 200 డిగ్రీలే ఉంటే 1.36 మీటర్లు చాలు. నిజమైన పొడవు వీటి మధ్యలో ఎక్కడో ఉంటుంది, అది బండిని బట్టి మారుతుంది. అందుకే చివరను వెంటనే వెల్డింగ్ చేయకూడదు. ఒకటిన్నర మీటర్లతో మొదలుపెట్టి, చివర బిగించి విప్పగల మూతతో, అరగంట రహదారి మీద వేడెక్కాక విని, ఒక్కో అంగుళం కోసుకుంటూ రావాలి. కోసేకొద్దీ పైశ్రుతికి జరుగుతుంది. ఎక్కువ కోసేస్తే తిరిగి అతికించాల్సి వస్తుంది కనుక తొందర పనికిరాదు. బండి చల్లగా ఉన్నప్పుడు ఈ కొమ్మ ఎటూ శ్రుతిలో ఉండదు, ఊరు దాటేదాకా ఫలితం కనబడకపోతే కంగారు పడనక్కర్లేదు.

కొమ్మకు సన్న గొట్టం వాడితే చవకని కొందరు అలాగే చేస్తారు. ఆ పొదుపు దండగ. అసలు గొట్టమంత వ్యాసమే కొమ్మకూ ఉంటే, శ్రుతి నుంచి పది శాతం జరిగినా, అంటే 2,400కు బదులు 2,160 దగ్గర కూడా, లెక్క ప్రకారం పది డెసిబెల్స్ తగ్గింపు దక్కుతుంది. వ్యాసం సగమైతే అక్కడ రెండు డెసిబెల్సే. రోడ్డు మీద ముల్లు ఎప్పుడూ ఒకే గీత మీద ఉండదు కాబట్టి ఈ వెడల్పు మనకు కావాలి. కొమ్మను అతికించే చోటు కూడా చూసుకోవాలి. గొట్టం తెరిచిన మూతి దగ్గర ఒత్తిడి హెచ్చుతగ్గులు ఉండవు, అక్కడ కొమ్మ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. వెనక సైలెన్సరుకు ముందు, కారు నడుము కింద, అసలు గొట్టానికి సమాంతరంగా మడిచి వెనక్కి తిప్పుకుంటే చోటు సరిపోతుంది. మడత వల్ల నష్టం లేదు, పొడవే ముఖ్యం. పెట్రోలు ట్యాంకుకు, బ్రేకు పైపులకు దూరంగా ఉండాలని వేరే చెప్పాలా!

నీళ్ల సంగతి కూడా ముందే ఆలోచించుకోవాలి. ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిగా బయటికొస్తుంది. పొద్దున్నే బండి మూతి నుంచి కారే చుక్కలు అవే. మూసిన కొమ్మ చివర చల్లగా ఉంటుంది కాబట్టి ఆ ఆవిరి అక్కడ నీరై నిలుస్తుంది. తీరం గాలి తగిలే మన ప్రాంతంలో ఇనుప గొట్టం బయటి నుంచి ఎటూ తుప్పు పడుతుంది, ఇది లోపలి నుంచి తింటుంది. మూసిన చివర కాస్త ఎత్తులో ఉండేలా వాలు పెడితే నీరు అసలు గొట్టంలోకి జారిపోయి ఆరిపోతుంది. వాలుకు వీల్లేకపోతే అడుగున సూదిబెజ్జం పెడతారు, కానీ అప్పుడది పొగ కారే బెజ్జం కూడా అవుతుంది కనుక వాలే మేలు. స్టెయిన్‌లెస్ గొట్టమైతే మన్నిక ఎక్కువ.

కొమ్మకు బదులు డబ్బా కూడా పెట్టవచ్చు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే శ్రుతి పలుకుతుంది కదా, సీసా మెడలోని గాలి బరువుగా, పొట్టలోని గాలి స్ప్రింగుగా పనిచేయడం వల్ల. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పేరు మీద నిలిచిన ఈ అనునాదకాన్ని గొట్టం పక్కన అతికిస్తే అది కూడా తన శ్రుతిని మింగేస్తుంది. శబ్దానుభూతి మీద ఆయన 1863లో వెలువరించిన గ్రంథానికి మన ప్రాంతంతో పరోక్షంగా ఒక బంధముంది. విశాఖపట్నంలో పెరిగి, తండ్రి అధ్యాపకుడిగా ఉన్న ఏవీఎన్ కాలేజీలో చదివిన సి.వి. రామన్, తనను తీర్చిదిద్దిన మూడు పుస్తకాల్లో దాన్ని ఒకటిగా చెప్పుకున్నాడు. మృదంగం మీద, వీణ మీద ఆయన చేసిన పరిశోధనలకు ఆ చదువు అండగా నిలిచింది. మన కారుకు వస్తే, ఐదు సెంటీమీటర్ల మెడ పెట్టి 80 హెర్ట్‌జ్‌కు లెక్క కడితే పదిహేను లీటర్లు దాటిన డబ్బా కావాల్సి వస్తుంది. హ్యాచ్‌బ్యాక్ కింద స్టెప్నీ గుంటకూ సైలెన్సరుకూ మధ్య అంత చోటు దొరకదు. పెద్ద బండ్లకు చూడొచ్చు.

శబ్దాన్ని శబ్దంతోనే చెరిపే పనిని స్పీకర్లతో చేయవచ్చని జర్మనీకి చెందిన పాల్ ల్యూగ్ 1936లోనే అమెరికా పేటెంటు పొందాడు. ఈ రోజు ఖరీదైన కార్లలో పైకప్పుకు పెట్టిన మైకులు, తలుపు స్పీకర్లు ఆ పని చేస్తున్నాయి. ఆ బండికి సైలెన్సర్ మారిస్తే మాత్రం ఆ లెక్కలు తప్పుతాయి, కంపెనీ తన సొంత సైలెన్సరుకే వాటిని సరిచూసుకుని ఉంటుంది.

చట్టం మాట దాటేయకూడదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 120వ నియమం ప్రతి వాహనానికీ శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉండాలంటుంది. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్ద ప్రమాణాలు మీరిన బండికి పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మూడు నెలలు చెల్లకపోవడం ఉన్నాయి. పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద తొక్కించడం విశాఖలో, హైదరాబాదులో జనం చూసినదే. లోపలి హోరు తగ్గించిన కొమ్మ గొట్టం బయటి మోతకు రక్షణ కాదు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కోసేసిన బండికి ఈ అధ్యాయంలో ఏ మందూ లేదు, దాన్ని ముందు తిరిగి పెట్టించాలి. నాలుగు సిలిండర్ల చిన్న కారుకు గొట్టం మార్పుతో వచ్చే శక్తి సీట్లో కూర్చున్నవాడు గుర్తుపట్టేంత ఉండదన్నది నా అభిప్రాయం. రాత్రిపూట స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి వీధిలో నిద్రపోయేవాళ్లకు మాత్రం ఆ మార్పు బాగానే తెలుస్తుంది.

ఈ లెక్కలన్నీ నాలుగు సిలిండర్ల బండికి. ఇప్పుడు వస్తున్న చిన్న కార్లు చాలావరకు మూడు సిలిండర్లవి. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ కూడా అంతే. మూడు సిలిండర్ల ఇంజిన్ చుట్టుకు ఒకటిన్నర పేలుళ్లు చేస్తుంది. అదే 2,400 దగ్గర దాని శ్రుతి 60 హెర్ట్‌జ్. 300 డిగ్రీల వాయువు లెక్కన దానికి కావలసిన కొమ్మ పొడవు రెండు మీటర్లు. స్విఫ్ట్ మొత్తం పొడవే 3.86 మీటర్లు, అందులో ఇంజిన్, ట్యాంకు, వెనక ఇరుసు, స్టెప్నీ పోగా అసలు గొట్టమే వంకర్లు తిరిగి బయటపడుతోంది. అలాంటి బండికి సన్నడబ్బా మఫ్లర్ బిగించి హోరు తెచ్చుకున్నవాడు, షెడ్డు మూలన పడేసిన కంపెనీ సైలెన్సర్ ఇంకా అక్కడే ఉందేమో కనుక్కుని, కొత్త హ్యాంగర్ రబ్బర్లతో దాన్నే తిరిగి బిగించుకోవాలి.